ఎర్రన్న జముకు, పోలమ్మ అంబలి

వంగలవలసలో అప్పలస్వామి ఇంటిని మించిన తెలివైన ఇల్లు ఇంకోటి లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరినడిగినా చెప్పరు గానీ, అప్పలస్వామి ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

ఆ ఇంట్లో నలుగురు. జముకుల కథ పాడే అప్పలస్వామి, అంబలి కాచడంలో చెయ్యి తిరిగిన అతని భార్య పోలమ్మ, జముకు వాయించే తమ్ముడు గురువులు, నెలలు నిండిన గురువులు పెళ్ళాం నీలమ్మ. జముకు అంటే చిన్న కుండంత వాయిద్యం. ఒక పక్క తోలు బిగించి, తోలు మధ్యలోంచి నరం లాగి కడతారు. నరం మీటితే జుంకు జుంకుమని మోగుతుంది.

"మన తెలివి ఎక్కడుందో తెలుసా?" అనేవాడు అప్పలస్వామి, భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ. "సెప్పింది సెప్పినట్టు సేస్తాం. పిసరు ఎక్కువ నేదు, పిసరు తక్కువ నేదు. మాటంటే మాటే."

అది నిజమే. ఒకసారి ప్రెసిడెంటుగారు పొలం గట్టు మీద గొడుగు గురువులు చేతికిచ్చి, "నేనొచ్చేదాకా పట్టుకోరా" అని వెళ్ళాడు. అటునుంచటే అత్తారింటికి పోయి మూడోరోజుకి గానీ రాలేదు. వాన లేదు, ఎండ లేదు. మూడు రోజులూ గురువులు గొడుగు కిందే తిన్నాడు, గొడుగు కిందే పడుకున్నాడు, బావి దగ్గర గొడుగు కిందే స్నానం చేశాడు. ప్రెసిడెంటుగారు వచ్చి నెత్తి కొట్టుకుంటే, మెచ్చుకుంటున్నాడనుకుని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు.

అలాంటి ఇంటికి ఒకరోజు జీపొచ్చింది. జీపులోంచి వైదేహి మేడం దిగింది. జిల్లా పట్నంలో పాత వస్తువుల మ్యూజియం ఉంది కదా, దానికి ఆవిడే అధికారి. ఆ మ్యూజియం పేరు వినగానే అప్పలస్వామి గుండె కలుక్కుమంది.

ఎందుకంటే ఆ మ్యూజియంలో వాళ్ళ తాత ఎర్రన్న జముకు ఉంది. అప్పలస్వామి తండ్రి బతికున్న రోజుల్లో ఎవరో పెద్దమనుషులు వచ్చి భద్రంగా దాస్తామని పట్టుకెళ్ళారు. రెండేళ్ళ కిందట అన్నదమ్ములిద్దరూ పనిమీద పట్నం వెళ్ళి, అద్దాల పెట్టెలో దాన్ని చూసుకున్నారు. అప్పలస్వామికి చదువు రాదు. నాలుగో తరగతి చదివిన గురువులు కింద బోర్డు కూడబలుక్కుని చదివాడు. 'జముకు. పేరు తెలియని కళాకారుడు వాడినది.' ఆ మాట వినేసరికి అప్పలస్వామికి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. ఏడూళ్ళ జనం ఎడ్లబళ్ళు కట్టుకుని ఎర్రన్న కథకి వచ్చేవారని వాళ్ళ నాన్న చెప్పేవాడు. అలాంటి మనిషికి పేరు లేదట! ఆ రోజునుంచీ అప్పలస్వామికి ఒకటే కోరిక, ఆ బోర్డు మీద తాత పేరు చూడాలని. చదవడం రాకపోతేనేం, చూస్తే చాలు.

"వచ్చే ఆదివారం మా మ్యూజియంలో వేడుక పెడుతున్నాం," అంది వైదేహి మేడం. "వందేళ్ళ కిందట మన ఊళ్ళలో ఎలా వండుకునేవారు, ఎలా పాడుకునేవారు, అన్నీ జనానికి చూపించాలి. మీరు కథ పాడాలి, పోలమ్మగారు అంబలి కాయాలి. రాజధాని నుంచి మా పెద్దాఫీసరుగారు వస్తున్నారు. మా దగ్గరున్న జముకు మీ తాతగారిదని ఊళ్ళో విన్నాను. ఆయనకి నచ్చితే మీ తాతగారి పేరు బోర్డు మీద రాయిస్తానని మాటిచ్చారు."

"మా తాత పేరు..." అని అప్పలస్వామి నోరు తెరిచాడు.

"ఇప్పుడు నాకు కాదు. ఆయన అడుగుతారు. అడిగినప్పుడు ఆయనకే చెప్పండి," అంది మేడం తొందరగా గడియారం చూసుకుంటూ.

అప్పలస్వామి నోరు టక్కున మూసేశాడు.

"ఇంకో మాట. ఆ కాలంలో లేనిది ఏదీ మీతో తేకూడదు. వంట మొదటినుంచి చివరిదాకా చూపించాలి, ఏదీ వదలకూడదు. నేను అయిపోయిందని చెప్పేదాకా మీరు ఆ కాలం మనుషుల్లాగే ఉండాలి. మధ్యలో ఈ కాలం మనుషులైపోతే నాకు పరువు పోతుంది," అని చెప్పి మేడం జీపెక్కింది.

ఇంకేముంది, ఆ సాయంత్రమే ఇంట్లో సభ మొదలైంది.

"అల్యూమినియం గిన్నె వొద్దు," అంది పోలమ్మ. దాన్ని మూలన పెట్టారు. "స్టీలు గరిటె వొద్దు." అదీ మూలన పడింది. "ఈ మట్టికుండ నిరుడు తీర్థంలో కొన్నాం. అప్పుడిది నేదు." కుండ కూడా మూలకి పోయింది. గురువులు జముకుకి నరం బదులు నైలాన్ తాడు కట్టి ఉంది. ఏడుపు మొహంతో దాన్నీ మూలన పెట్టాడు. రబ్బరు చెప్పులు, బొత్తాల చొక్కాలు, అన్నీ మూలకే. చివరికి నట్టింట్లో చిన్న గోనెసంచి ఒక్కటే మిగిలింది. అందులో చోళ్ళు, అంటే రాగులు, ఉన్నాయి.

"ఈ సోళ్ళు కూడా నిరుటి పంటే గదా," అన్నాడు గురువులు అనుమానంగా.

అందరూ గతుక్కుమన్నారు. చోళ్ళు లేకుండా అంబలి ఎలా? పోలమ్మ చాలాసేపు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించి, "పరవానేదు," అంది. "వీటి యిత్తనం పాతదే. ఆ యిత్తనానికి యిత్తనం, దానికి యిత్తనం, అలగ పోతే వొందేళ్ళ కిందటికే పోతాది. పేరు కూడా అదే పేరు, సోళ్ళు."

"బాగుంది. మరి మనమో?" అన్నాడు గురువులు.

"మనమేటి?"

"వొందేళ్ళ కిందట మనం మాత్రం ఉన్నామేటి? ఆ కాలంలో నేనిది ఏదీ తేవొద్దన్నారు. మరి మనల్ని మనం ఎలగ తీసికెల్తాం?"

అప్పలస్వామి చెంపలు వేసుకున్నాడు. ఇంత పెద్ద తప్పు చెయ్యబోయారు! మనుషులే పనికిరాకపోతే కథ ఎవరు పాడతారు? తాత పేరు ఎలా పైకొస్తుంది? పీట మీదనుంచి నీలమ్మే దారి చెప్పింది.

"సోళ్ళకి సేసినట్టే సెయ్యండి బావా. యిత్తనం పాతదే గదా, పేరు కూడా పాతది పెట్టుకుంటే సరి."

ఆహా, ఏం తెలివి! అప్పలస్వామి తన తాత ఎర్రన్న అయిపోయాడు. పోలమ్మ అతని నాయనమ్మ అసిరమ్మ అయిపోయింది. ఎర్రన్నకి వంత పాడింది ఎవరు? ఆయన మామగారు ముత్యాలు. అంచేత గురువులు ముత్యాలయ్యాడు. అంటే అన్నకి పిల్లనిచ్చిన మామ, వదినకి కన్నతండ్రి అన్నమాట.

"నువ్వు ఇప్పుడు నాకు మావ్వి. మరి నాను నిన్ను ఒరే అనకూడదు," అన్నాడు అప్పలస్వామి చేతులు కట్టుకుని.

"నువ్వు అల్లుడివి బాబూ. నిలబడ్డావేటి? కూకో," అన్నాడు గురువులు. "ఒలే అసిరీ, అల్లుడికి మంచినీళ్ళియ్యే."

"అలగే అయ్యా," అంది పోలమ్మ మరిదితో, వినయంగా.

శనివారం తెల్లవారకముందే నీలమ్మని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి, ముగ్గురూ కాలినడకన బయల్దేరారు. బస్సు ఆ కాలంలో లేదు మరి. సగం దారిలో వాళ్ళ ఊరి బస్సే ఎదురొచ్చింది. "ఏ అప్పలస్వామీ, ఎక్కడికి నడిచెళ్తన్నావు? ఎనక్కొచ్చీటప్పుడు ఎక్కించుకుంతాను, ఉండు!" అని కండక్టరు కేకేశాడు. అప్పలస్వామి తల కూడా తిప్పలేదు. "ఎవుల్నో పిలస్తన్నాడు మావా," అన్నాడు గురువులుతో.

ఆదివారం ఏడు గంటలకి మ్యూజియం గేటు దగ్గరికి చేరారు. మేడం ఇంకా రాలేదు. గేటు లోపల పచ్చటి గడ్డి, మెత్తగా, చుట్టూ పూలమొక్కలతో కన్నులపండువగా ఉంది. పోలమ్మ దాన్ని చూసి నడుం బిగించింది.

"మొదటినుంచీ సూపించమన్నారు గదా మావా. అంబలికి మొదలేటి?" అని మొగుణ్ణి అడిగింది.

"సోళ్ళు."

"సోళ్ళకి మొదలేటి?"

"మడి."

అంతే. తోటమాలి మొక్కల దగ్గర వదిలేసిన పలుగు అందుకున్నారు. మేడం తొమ్మిదింటికి వచ్చేసరికి గడ్డి అంతా తిరగబడి ఉంది. పోలమ్మ చీర ఎగదోపుకుని చోళ్ళు చల్లుతోంది. గురువులు నీళ్ళు పెడుతున్నాడు. అప్పలస్వామి గట్టు మీద నిలబడి పిట్టల్ని అదిలిస్తున్నాడు.

"ఏమిటిది!" అని కేక పెట్టింది వైదేహి మేడం.

"మొదలు పెట్టీసినాం తల్లీ," అన్నాడు అప్పలస్వామి సంతోషంగా. "మూడు నెలలు ఓపిక పట్టండి, కోతకొచ్చీస్తాది."

మేడం నుదురు పట్టుకుంది. "అంత మొదటినుంచి కాదు నాయనా. పిండి దగ్గరనుంచి. మీ సామానేదీ?" అంది. సామాను లేదని, ఉన్న గుప్పెడు చోళ్ళూ మడిలో పడ్డాయని తెలిసి మళ్ళీ నుదురు పట్టుకుంది. మనిషిని పంపి బజారునుంచి చోడిపిండి, నూకలు తెప్పించింది. ఎక్కడినుంచో ఒక చెక్క తెడ్డు వెతికి తెప్పించింది. "లోపల వరండాలో కొత్తకుండలున్నాయి, అంబలికి ఒకటి, నీళ్ళకి ఒకటి తెచ్చుకోండి," అని చెప్పి పెద్దాఫీసరుకి ఏర్పాట్లు చూడ్డానికి పరిగెత్తింది.

పోలమ్మ పొయ్యి పేర్చింది గానీ అగ్గిపెట్టె ముట్టుకోలేదు. ఆ కాలంలో నిప్పంటే ఇరుగింటినుంచో పొరుగింటినుంచో అడిగి తెచ్చుకోవాలి. చిప్ప పట్టుకుని వీధిలో ఇంటింటికీ తిరిగింది. "అమ్మా, రెండు నిప్పులుంటే పెట్టండమ్మా." అందరివీ గ్యాసు పొయ్యిలే. ఒకావిడ లైటరు ఇవ్వబోయింది. ఇంకొకావిడ బిచ్చం అనుకుని ఇడ్లీలు పెట్టింది. చివరికి వీధి మొగలో ఇస్త్రీ బండివాడు పెట్టె తెరిచి నాలుగు నిప్పులు చిప్పలో పోశాడు.

ఈలోగా గురువులు కుండలకి వెళ్ళాడు. వరండా గుమ్మంలో చెక్క బోర్డు, బోర్డు పక్కన కాపలావాడు సత్తెయ్య ఉన్నారు.

"ఇదిగో, ముందు బోర్డు చదువుకో," అన్నాడు సత్తెయ్య.

'వస్తువులను చేతితో తాకరాదు' అని గురువులు చదివాడు. "సరే బాబూ," అని చేతులు వెనక్కి కట్టుకుని లోపలికెళ్ళాడు. మొదటి కుండని పాదంతో మెల్లగా దొర్లించుకుంటూ తెచ్చి పొయ్యి దగ్గర నిలబెట్టాడు. రెండోదానికి అంత ఓపిక లేకపోయింది. చేతులు వద్దన్నారు గానీ తల వద్దనలేదుగా! కుండమూతిలోకి తల దూర్చి లేచి నిలబడ్డాడు. కుండ వచ్చింది. బాగానే వచ్చింది. కానీ తల మాత్రం మళ్ళీ బయటికి రాలేదు.

"అల్లుడూ," అని కుండలోంచి గొంతు వినబడింది. "సీకటడిపోనాదేటి?"

"కుండ తీసీ మావా!"

"ఎలగ తీత్తాను? సేత్తో తాకకూడదంట."

అప్పలస్వామి తనే లాగబోయి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. రూలు రూలే. ఏం చెయ్యాలో తోచక తెడ్డుతో కుండ మీద ఒకటి కొట్టాడు. బుమ్మ్! అబ్బ, ఏం నాదం! అప్పలస్వామి మొహం వెలిగిపోయింది. జముకు తేలేదని పొద్దుట్నుంచీ బెంగ పెట్టుకున్నాడు. ఇప్పుడా బెంగ తీరింది.

పది గంటలకల్లా జనం వచ్చారు. పిల్లలు, పెద్దలు, బడి పంతుళ్ళు, కుర్చీలన్నీ నిండిపోయాయి. మేడం గాభరాగా అటూ ఇటూ తిరుగుతూ అప్పలస్వామి దగ్గర ఆగింది. "కథ మొదలెట్టండి. పోలమ్మగారు అంబలి దించేదాకా పాట ఆగకూడదు," అంది. అతని పక్కన కుండతలతో ఉన్న మనిషిని చూసి, వేషం కాబోలనుకుంది. అక్కణ్ణుంచి పోలమ్మ దగ్గరికెళ్ళి, "పాట అయ్యేదాకా అంబలి దించకండి. మంట ఆరకూడదు," అంది. ఆపైన పెద్దాఫీసరుని తీసుకురావడానికి గేటు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంకేముంది!

అప్పలస్వామి గొంతెత్తాడు. తెడ్డుతో గురువులు నెత్తినున్న కుండ మీద దరువు వేశాడు. కుండలోంచి గురువులు వంత పాడితే వంద గొంతులు కలిసినట్టు వినబడింది. జనం చప్పట్లు కొట్టారు. నరం లేని జముకుని ఇదే చూడ్డమని ఒక పంతులుగారు పుస్తకంలో రాసుకున్నాడు.

ఉన్న తెడ్డు ఒక్కటే కదా. దరువుకి కావాలి, అంబలి కలపడానికీ కావాలి. "మావా, తెడ్డు!" అని పోలమ్మ అరిచేది. "ఉండే అసిరీ, దరువు మద్దెలో ఉంది!" అని అప్పలస్వామి జవాబు. నాలుగు చరణాలకోసారి తెడ్డు ఇస్తే, ఆవిడ ఒక్క తిప్పు తిప్పి వెనక్కి ఇచ్చేది. అంబలి ఉడికింది. చిక్కబడింది. అడుగంటింది. అయినా దించలేదు, పాట అవలేదుగా మరి.

అప్పలస్వామి కథ అయిపోయింది. పోలమ్మవైపు చూశాడు. కుండ ఇంకా పొయ్యి మీదే ఉంది. పాట ఆగకూడదు. గుక్క తిప్పుకుని ఇంకో కథ ఎత్తుకున్నాడు. అదీ అయిపోయింది. కుండ పొయ్యి మీదే ఉంది. పోలమ్మేమో చెంగుతో పొగ విసురుకుంటూ, ఈయన ఎప్పుడు ఆపుతాడా అని అతనివైపే చూస్తోంది. ఒకరివైపు ఒకరు చూసుకుంటూ ఇద్దరూ తమ మాట మీద తాము నిలబడ్డారు.

వచ్చిన కథలన్నీ అయిపోయాక అప్పలస్వామి కంటికి కనబడిందల్లా పాడటం మొదలెట్టాడు.

"ముందు వరసలో బట్టతల బాబు ముక్కు మూసినాడో, తందానా!
గేటుకాడ మేడంగారు చెప్పు జారవిడిసినాదో, తందానా!
కాపలా కాసే సత్తెయ్య బాబు కళ్ళు నులిమినాడో, తందానా!"

పిల్లలు పడీ పడీ నవ్వారు. సత్తెయ్య ఒక్కడే నవ్వలేదు. పొగకి అతనికి దగ్గొచ్చింది.

ఇంతలో కట్టెలు అయిపోయాయి. మంట ఆరకూడదన్నారు కదా! పోలమ్మ చుట్టూ చూసింది. మేడంకీ పెద్దాఫీసరుకీ అట్టేపెట్టిన రెండు చెక్క కుర్చీలు విరిచి పెట్టింది. అవీ కాలిపోయాయి. గుమ్మంలో ఎండిన టేకుబల్ల ఒకటి నిలబడి ఉంది. ఆవిడకి చదువు రాదు. దాన్ని తెచ్చి పొయ్యిలో దోపింది.

"ఓరి దేవుడో, బోర్డు! తాకరాదు అన్న బోర్డు కాలిపోతోంది!" అని సత్తెయ్య గావుకేక పెట్టాడు.

కుండలోంచి గురువులు అది విన్నాడు. "బోర్డు కాలిపోనాదా?"

"కాలిపోయింది!"

"అయితే ఇంక సేత్తో తాకొచ్చన్నమాట," అన్నాడు గురువులు. వెంటనే రెండు చేతులూ కుండకి వేసి, ఒక్క ఊపున లాగాడు. కుండ ఊడొచ్చింది. ఆ ఊపుకి గురువులు వెనక్కి నాలుగడుగులు తూలి, పొయ్యి పక్కన కూలబడ్డాడు. మోచెయ్యి తగిలి అంబలికుండ పొయ్యి దిగి, పక్కకి ఒరిగి, నున్నటి గచ్చు మీద పడకేసింది.

"దిగింది!" అని అరిచి అప్పలస్వామి పాట ఆపేశాడు.

"పాట అయింది!" అని అరిచి పోలమ్మ చేతులు దులుపుకుంది.

సరిగ్గా అప్పుడే వైదేహి మేడం పెద్దాఫీసరుని వెంటబెట్టుకుని లోపలికొచ్చింది. దున్నిన గడ్డి, విరిగిన కుర్చీలు, కాలిన బోర్డు, మసిబారిన మొహాలు. కాళ్ళ కింద నల్లటి అంబలి. మేడం మొహంలో నెత్తురుచుక్క లేదు.

పెద్దాఫీసరు తెల్లజుట్టు మనిషి. గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. మెల్లగా వంగి, ఒరిగిన కుండ అడుగునుంచి మాడిన అంబలి చెక్క ఒకటి గోటితో గీరి నోట్లో వేసుకున్నాడు.

"మా నాయనమ్మ," అన్నాడు ఆయన. "చుట్టుపక్కలవాళ్ళతో కబుర్లలో పడి రోజూ ఇలాగే మాడబెట్టేది. ఆ మాడుచెక్క కోసం మేం ఆరుగురం కొట్టుకునేవాళ్ళం. యాభై ఏళ్ళయింది ఈ రుచి తగిలి. అమ్మా, ఈ మాడు ఇంకెవరికీ చేతకాదు!"

"మరేటనుకున్నారు బాబూ," అంది పోలమ్మ.

అంతే, అంతా మారిపోయింది. జనం గచ్చు మీదికి ఎగబడి తలో పెచ్చు గీరుకున్నారు. కాలిన బోర్డు మళ్ళీ రాయించడానికి బోర్డులు రాసేవాణ్ణి పిలిపించారు. అతను రంగుడబ్బా, కుంచె పట్టుకుని వచ్చాడు. మేడం తోటమాలిని సముదాయించడానికి గడ్డి దగ్గరికి వెళ్ళింది. పెద్దాఫీసరు అప్పలస్వామి భుజం మీద చెయ్యివేసి హాల్లోకి నడిపించాడు. అద్దాలపెట్టె ముందు ఆగాడు. బోర్డులు రాసేవాడు కుంచె ముంచి సిద్ధంగా నిలబడ్డాడు.

అప్పలస్వామి రెండేళ్ళుగా ఎదురుచూసిన క్షణం ఇదే.

"ఇది మీ తాతగారి జముకు కదూ?" అన్నాడు పెద్దాఫీసరు.

అప్పలస్వామి నోటిదాకా అవునని వచ్చింది. అక్కడే ఆగిపోయింది. మేడం అయిపోయిందని చెప్పిందా? చెప్పలేదు. చెప్పేదాకా అతను ఎర్రన్నే.

"మా తాతది కాదు బాబూ," అన్నాడు. "ఇది నాదే."

పెద్దాఫీసరు నవ్వాడు. "భలేవాడివయ్యా! కథలోంచి ఇంకా బయటికి రాలేదు. సరే, మీ తాత పేరు చెప్పు, రాయిస్తాను."

ఎర్రన్న వాళ్ళ తాత పేరు! ఆయనెవరో ఎవరికి తెలుసు? అప్పలస్వామి నాన్నకే తెలీదు. అప్పలస్వామి గురువులువైపు చూశాడు. "మావా, మా తాత పేరు నీకేవైనా తెలుసా?"

"నీ సంబంధం ఖాయం సేసినప్పుడు మీవోళ్ళు సెప్పినారేమో అల్లుడూ, గురుతు నేదు," అన్నాడు గురువులు చెంప గోక్కుంటూ.

"బాగా ఆలోచించు," అన్నాడు పెద్దాఫీసరు. "మీ తాత పేరయ్యా. ఎలా పిలిచేవారు?"

ఎర్రన్న, ఎర్రన్న అని అప్పలస్వామి లోపల ఎవరో గోల పెడుతున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ ఇంట్లో మాటంటే మాటే. ఎర్రన్న అన్న పేరు తనది. ఎదుటివాడు అడుగుతున్నది తన తాత పేరు.

"తెలీదు బాబూ," అన్నాడు తలవంచుకుని. "మా తాత పేరు నాకు తెలీదు."

పెద్దాఫీసరు మనసు కరిగిపోయింది. "పాపం, చూశావా," అన్నాడు బోర్డులు రాసేవాడితో. "ఉన్న మాటే ఉంచు. పాతదంతా వెలిసిపోయింది. కొత్తరంగుతో పెద్దగా రాయి." బోర్డులు రాసేవాడు ఎర్రరంగుతో, జానెడెత్తు అక్షరాలతో రాశాడు. 'పేరు తెలియని కళాకారుడు.' రాసి, డబ్బా మూతపెట్టి వెళ్ళిపోయాడు. పెద్దాఫీసరు కారు కూడా వెళ్ళిపోయింది.

అప్పుడొచ్చింది వైదేహి మేడం, అలసిపోయి. "అమ్మయ్య, అయిపోయింది," అంది.

"అయిపోయిందా తల్లీ?"

"అయిపోయింది."

అప్పలస్వామి అప్పలస్వామి అయిపోయాడు. "మా తాత ఎర్ర..." అని గేటువైపు పరుగెత్తాడు. రోడ్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఏమైంది? ఆయనకి పేరు చెప్పారా?" అంది మేడం వెనకనుంచి. "చెప్పకపోతే నాకైనా చెప్పండి."

చెప్పొచ్చు. కానీ 'నాకు కాదు, ఆయనకే చెప్పండి' అన్నది ఆవిడే కదా. అప్పలస్వామి పెదవులు బిగించి దండం పెట్టాడు. ముగ్గురూ బస్సెక్కారు.

దారంతా అప్పలస్వామి కిటికీవైపు తిరిగి కన్నీళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. వెళ్ళిన మనుషులు ముగ్గురు, చేసిన తప్పు ఒక్కటీ లేదు, అయినా తాత పేరు రాలేదు. ఎంత ఆలోచించినా ఎక్కడ తేడా వచ్చిందో అతనికి అంతుబట్టలేదు. పోలమ్మకి జాలేసింది.

"ఏడవకు మావా. అంత పెద్దాయన నిలబడి మరీ రాయించినాడు. బోర్డు ఇంక మారదు," అంది. కాసేపాగి, "బోర్డు మారదు గానీ మనం మారొచ్చు గదా?" అంది.

అప్పలస్వామి కళ్ళు తుడుచుకోవడం ఆపాడు.

ఇంటికొచ్చేసరికి నీలమ్మ మగబిడ్డని కని పడుకుని ఉంది. గురువులు గుడ్డల్లో చుట్టిన కొడుకుని ఎత్తుకుని మురిసిపోయాడు. ముత్తాత పేరే పెట్టాలని ఎప్పుడో అనుకున్నారు. అయితే ఏ పేరు? పోలమ్మ బస్సులో చేసిన ఆలోచన చెప్పింది. నలుగురికీ నచ్చింది. బోర్డు మీద ఇంటి మనిషి పేరు ఉండాలి, అంతే కదా! పేరు బోర్డెక్కకపోతే బోర్డు మీదున్నదాన్నే ఇంట్లోకి తెచ్చుకుంటే సరిపోతుంది. బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి, బోర్డు మీద ఉన్నదంతా గురువులు వేలితో పొల్లుపోకుండా రాశాడు. బియ్యం చాలక పక్కింటినుంచి ఇంకో రెండు సోలలు తెచ్చారు.

నెలయ్యాక పిల్లల లెక్క రాసుకోవడానికి అంగన్‌వాడీ టీచరు వచ్చింది. అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచింది.

"బాబు పేరేంటి?"

"పేరు తెలియని కళాకారుడు," అన్నాడు అప్పలస్వామి, ఛాతీ విరుచుకుని.

టీచరు తలెత్తింది. "కళాకారుడి సంగతి నాకెందుకు? పిల్లాడి పేరు చెప్పండి."

"అదేనమ్మా. పేరు తెలియని కళాకారుడు. పట్నంలో ఎర్రరంగుతో రాసి మరీ పెట్టినారు."

"ఇంట్లో ఇంతమందున్నారు, ఒక్కరికీ పిల్లాడి పేరు తెలీదా?" అని విసుక్కుని, టీచరు పుస్తకంలో 'పేరు ఇంకా పెట్టలేదు' అని రాసుకుంది. ఇంతలో లోపలినుంచి నీలమ్మ గొంతు వినబడింది. ఊయల ఊపుతూ, "ఓ ఎర్రన్నా, ఓ బుల్లి ఎర్రన్నా, ఏడవకు నాయనా," అని జోకొడుతోంది.

టీచరు మొహం వికసించింది. "అదిగో, ఎర్రన్న! ఎంత చక్కటి పేరు! ఉండండి, అదే రాస్తాను." కలం ఎత్తింది.

అప్పలస్వామి ఒక్క ఉరుకున అరుగు మీదికి దూకి, రెండు చేతులతో పుస్తకం మూసేశాడు.

"వొద్దమ్మా, వొద్దు! అది రాయకండి," అన్నాడు కంగారుగా. "అది ఉత్తినే ముద్దుకి పిలుసుకుంతాం. బోర్డుల్లో, పుస్తకాల్లో రాసే పేరు కాదు."